అడుగుల అరిసెలు

మా పాప మొదటి అడుగులు వేసింది 2022 ఆగస్టులో, శ్రావణమాసం. సోఫా పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో గిలక్కాయ జారి కింద పడి కాస్త దూరం దొర్లింది. దాన్నే చూస్తూ సోఫా వదిలేసి ఒకటి, రెండు, మూడు అడుగులు వేసి కూలబడింది. మా పెద్దాడికి అప్పుడు ఏడేళ్ళు. "అమ్మా, చెల్లి నడిచేసింది" అని వాడు వేసిన కేకకి అది హడలిపోయి ఏడుపు అందుకుంది. నేను దాన్ని ఎత్తుకుని అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ముందు "దిష్టి తియ్యి" అంది. కాసేపాగి, "అయితే అరిసెలు చెయ్యాలి కదే" అంది.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. పాప బోర్లా పడినప్పుడు మా అత్తయ్య గారు మా దగ్గరే ఉన్నారు, బొబ్బట్లు ఆవిడే చేసి పంచారు. ఇప్పుడు ఆవిడ ఊళ్ళో ఉన్నారు. అమ్మకేమో మోకాలి ఆపరేషన్ అయ్యి నెల కూడా కాలేదు, మంచం దిగి నాలుగు అడుగులు వెయ్యడమే కష్టంగా ఉంది. "కొనుక్కొచ్చేద్దాంలే, టెన్షన్ పడకు" అన్నారు మా ఆయన. హైదరాబాద్‌లో పిండివంటల దుకాణాలకి కరువా? పెద్దాడు నడిచినప్పుడు అలాగే కొనుక్కొచ్చాం. అట్టపెట్టెలోంచి తీసి పళ్ళెంలో సర్దాం, అందరికీ పంచాం, రుచి కూడా బాగానే ఉంది. కానీ ఆ రోజు ఇంట్లో బెల్లం కాగిన వాసన లేదు. అది నాకు ఆరేళ్ళుగా లోటుగానే ఉండిపోయింది. పాపకి అలా జరగకూడదనుకున్నాను. అప్పటికి నా వయసు 36. అరిసెలు ఎన్ని వందలు తిన్నానో లెక్కలేదు, చేసింది ఒక్కటీ లేదు.

మాది కోనసీమలో అమలాపురానికి దగ్గరున్న పల్లె. సార్వా పంట ఇంటికి చేరి, ధనుర్మాసం సగానికి వచ్చేసరికి మా వీధిలో పిండివంటలకి వంతులు మొదలయ్యేవి. రోజుకో ఇల్లు. ఎవరింట్లో పొయ్యి వెలిగితే మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు అక్కడికి సాయం వెళ్ళేవారు. అరిసెలు ఒక్కరి చేతుల మీద అయ్యే పని కాదు మరి. దంచడానికి ఇద్దరు, జల్లించడానికి ఒకరు, తట్టడానికి ఇద్దరు, మూకుడు దగ్గర ఒకరు, చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కడానికి ఇంకొకరు. ఇంతమందిలో పాకం చూసే మనిషి మాత్రం వీధి మొత్తానికి ఒక్కరే. మా మామ్మ. నాన్నమ్మని మేం మామ్మ అనేవాళ్ళం.

"పెద్దమ్మ గారూ, బెల్లం పొయ్యెక్కించాం, వస్తారా" అని ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి పిలిచేవారు. మామ్మ చెంగు బొడ్లో దోపుకుని బయల్దేరేది. వెనకాల నేను. నా చేతిలో అంచు ఎత్తుగా ఉన్న ఇత్తడి పళ్ళెం ఉండేది. ఎవరింట్లో వంటైనా పాకం చూసే పళ్ళెం మాత్రం మా ఇంటిదే. దాన్నిండా నీళ్ళు పోసుకుని, పొయ్యి సెగ తగలనంత దూరంలో, మామ్మ చెయ్యి అందేంత దగ్గరలో నిలబడటం నా పని. ఇది 1994, 95 నాటి మాట. నాకు ఎనిమిది, తొమ్మిదేళ్ళు.

ఆ పెరడు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. కొబ్బరి డొక్కలు, ఎండిన మట్టలు పెట్టి మండించే మట్టి పొయ్యి. దాని మీద ఇత్తడి గిన్నెలో బెల్లం. పక్కనే రోలు. అమ్మా, పిన్నీ ఎదురెదురుగా నిలబడి రోకళ్ళతో పోటు వేస్తుంటే ఒక రోకలి లేచేలోపు ఇంకోటి పడేది. ఆ చప్పుడుకి ఎక్కడా తడబాటు ఉండేది కాదు. దంచిన పిండిని వెంటనే జల్లించి, గిన్నెలో వేసి అరచేత్తో అదిమి, తడిగుడ్డ కప్పేవారు. అలా ఎందుకు అదుముతారో నాకు అప్పుడు తెలియదు. పిండిలో తడి ఆరిపోతే అరిసె కర్రలా గట్టిపడిపోతుందట.

బెల్లం ముందు కరిగి నీరయ్యేది. దాన్ని వడకట్టి ఇసుకా, చెత్తా తీసేసి మళ్ళీ పొయ్యి మీద పెట్టేవారు. కాసేపటికి పొంగేది. పెద్ద పెద్ద బుడగలు చిన్నవయ్యేవి. చుట్టుపక్కల వాసన మారిపోయేది. అప్పుడు మామ్మ గరిటెతో తీసి నా పళ్ళెంలో ఒక చుక్క వేసేది. మొదటి చుక్క నీళ్ళలో కరిగిపోయేది. రెండోది తీగలా సాగేది, వేలికి దొరికేది కాదు. మూడోది దగ్గరికి వచ్చేది కానీ ఉండ చెయ్యబోతే చప్పబడిపోయేది. చేతికి దొరికిన ఒక్కో చుక్కనీ మామ్మ వేళ్ళతో దగ్గరికి నెట్టి, ఉండ చెయ్యడానికి చూసి, నా నోట్లో పెట్టేది. "పంటికి అంటిందా?" అని అడిగేది.

నేను చెప్పేదాన్ని. "అంటలేదు మామ్మా, కరిగిపోయింది." ఇంకో చుక్క. "కొంచెం అంటింది." ఇంకోటి. "అంటింది మామ్మా, నాలుకతో లాగితే వచ్చేసింది." ఆ మాట వినగానే మామ్మ గొంతెత్తి "దించండర్రా" అనేది. అంతే, ఇద్దరు గిన్నె దించేవారు, ఒకరు పిండి పోసేవారు, ఇంకొకరు తెడ్డుతో కలిపేవారు, పెరడంతా ఒక్కసారి హడావిడి అయిపోయేది. నేను మిగిలిన నీళ్ళు కొబ్బరి చెట్టు మొదట్లో పోసేసి వచ్చేదాన్ని. నన్ను ముద్దు చేస్తూ బెల్లం తినిపిస్తోందని, అడగడం మాటవరసకేనని అనుకునేదాన్ని.

నేను ఇంటర్ చదువుతుండగా మామ్మ పోయింది. ఆ సంక్రాంతికి మా ఇంట్లో పండగ లేదు. మరుసటి ఏడు అమ్మ జంతికలు, సున్నుండలు చేసింది. అరిసెలు మాత్రం చెయ్యలేదు. ఆ తర్వాత ఎప్పుడూ చెయ్యలేదు. "నాకు పిండి తెలుసు. పాకం మీ మామ్మకే తెలుసు" అనేది. ముప్పై ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర పనిచేసిన అత్తాకోడళ్ళలో ఒకరి పని ఇంకొకరు ముట్టుకోలేదంటే వినేవాళ్ళకి వింతగా ఉండొచ్చు. మా ఇంట్లో అది అలాగే జరిగింది. అమ్మ చెయ్యి పిండి దగ్గర, మామ్మ చెయ్యి పాకం దగ్గర.

అందుకే అమ్మ నాకు పిండి గురించి చెప్పినంత వివరంగా ఇంకేదీ చెప్పలేకపోయింది. శుక్రవారం పొద్దున్నే వీడియో కాల్ పెట్టించుకుని పక్కన కూర్చున్నట్టే చెప్పింది. సంక్రాంతికైతే కొత్త బియ్యం ఉంటాయి, శ్రావణంలో ఎక్కడివి? నాన్నగారు పంపిన దాళ్వా బియ్యం, అంటే వేసవి పంట బియ్యం, ఒక బస్తా ఇంట్లో ఉంది. "అవైతే మరీ పాతవి కావులే, పనికొస్తాయి" అంది. కిలో బియ్యం నానబోశాను. శనివారం పొద్దున దాకా, దాదాపు 24 గంటలు. మధ్యలో మూడుసార్లు నీళ్ళు మార్చాను, లేకపోతే పులుపు వాసన వస్తుందట. తర్వాత చిల్లుల గిన్నెలో వార్చి, నాన్నగారి పాత పంచె మీద నీడన పరిచాను. "ఎంతసేపు ఆరబెట్టాలి?" అంటే "గడియారం చూడకు, బియ్యం చూడు. గుప్పిట్లో పట్టుకుని వదిలితే నాలుగు గింజలు అరచేతికి అంటుకోవాలి, నీరు మాత్రం అంటకూడదు" అంది.

రోలు లేదు, మిక్సీ ఉంది. కొంచెం కొంచెంగా వేసి పట్టాను, జల్లించాను, పైన మిగిలిన నూక మళ్ళీ పట్టాను. రెండున్నర గంటలు పట్టింది. మిక్సీ వేడెక్కినప్పుడల్లా ఆపి, పిండి మీద తడిగుడ్డ కప్పి కూర్చున్నాను. ఆ ఖాళీలో అమ్మా, పిన్నీ ఎన్ని కిలోలు అలా దంచారో, ఎన్ని ఇళ్ళకి దంచారో తలుచుకుంటే నా భుజాలు నొప్పెట్టాయి. చివరికి పిండిని ఫోన్ ముందు పెట్టి పిడికిట్లో బిగించి చూపించాను. ఉండ కట్టింది. వేలితో పొడిచాను, విడిపోయింది. "అదే" అంది అమ్మ. ఆ ఒక్క మాటకి నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

బెల్లం సంగతి కూడా ముందే చెప్పింది. నేను కొన్నది లేత పసుపు రంగులో ముచ్చటగా ఉంది. అమ్మ చూడగానే వద్దంది. బెల్లానికి ఆ తెల్లదనం కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారని, ముదురు రంగు బెల్లమే తెమ్మని చెప్పింది. మా ఆయన వెళ్ళి అనకాపల్లి బెల్లం అని అడిగి, మట్టి రంగులో ఉన్న అచ్చు తెచ్చారు. విరిచి వాసన చూస్తే సగం మామ్మే గుర్తొచ్చింది. మామ్మ లెక్కలన్నీ మానికల్లో, వీశెల్లో ఉండేవి. అమ్మ వాటిని లెక్కగట్టి, కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అని తేల్చింది.

ఇక పాకం. ఇక్కడికొచ్చేసరికి అమ్మ చేతులెత్తేసింది. "ఉండపాకం రావాలి. అంతకంటే నాకు తెలియదు తల్లీ" అంది.

రెండు మూడు వీడియోలు చూశాను. ఒకదాంట్లో పది నిమిషాలన్నారు, ఇంకోదాంట్లో పద్నాలుగు. ఉండపాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుందని మా ఆయన ఎక్కడో చదివి చెప్పారు. కానీ కొలవడానికి ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ తప్ప ఇంకేం లేదు. మొత్తం పాడవకుండా పిండినీ, బెల్లాన్నీ చెరి సగం చేశాను. మొదటి సగానికి పది నిమిషాలు పెట్టి, చుక్క నీళ్ళలో వేసి చూశాను. దగ్గరికి వచ్చినట్టే అనిపించింది. దించేసి పిండి కలిపాను. చలిమిడి జారుగా ఉన్నా, చల్లారితే గట్టిపడుతుందిలే అనుకున్నాను.

గట్టిపడలేదు. మొదటి అరిసె నూనెలో వెయ్యగానే అంచులు విడిపోయాయి. రెండోది వేస్తే మూకుడంతా ముక్కలై, పైన నల్లటి తెట్టు కట్టింది. స్టవ్ ఆపేసి వంటింటి గట్టు మీద చేతులానించి నిలబడ్డాను. పిండి పోతే పోయింది, బెల్లం పోతే పోయింది. మామ్మ మనవరాలిని అయ్యుండి ఇలా అయిందేమిటన్న బాధ ఆపుకోలేకపోయాను. అమ్మకి చెబితే, "పొడి వరిపిండి కొంచెం కలిపి మూత పెట్టి ఉంచు, సాయంత్రానికి సర్దుకుంటుంది. ఆ రెండో సగం చెయ్యి ముందు" అంది. తిట్టలేదు, జాలీ పడలేదు. మామ్మ దగ్గర పనిచేసిన మనిషి కదా.

రెండోసారి బెల్లం పెట్టేటప్పటికి మా ఆయన పాపని నిద్రపుచ్చుతున్నారు. నా ఒక చెయ్యి గరిటె మీద, ఇంకోటి గిన్నె మీద. పక్కన ఖాళీగా ఉన్నది పెద్దాడొక్కడే. "ఒరేయ్ నాన్నా, ఈ పళ్ళెంలో నీళ్ళు పోసి పట్టుకో" అన్నాను. స్టీలు పళ్ళెం. వాడు రెండు చేతులతో పట్టుకుని వచ్చి, సెగ తగలకుండా ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఎక్కడ నిలబడాలో నేను చెప్పలేదు. మొదటి చుక్క వేశాను. కరిగిపోయింది. రెండోది వేసి, వేలితో దగ్గరికి నెట్టి తీశాను. వాడు నోరు తెరిచాడు.

పెట్టాను. పెట్టిన చేతిని అలాగే గాల్లో ఉంచి నేను ఉండిపోయాను. నా నోటివెంట నాకు తెలియకుండానే వచ్చేసింది. "పంటికి అంటిందా?"

"లేదమ్మా, కరిగిపోయింది" అన్నాడు వాడు.

ఆ తర్వాత నేను నీళ్ళలో ఉండని చూడటం మానేశాను. గడియారం చూడటం మానేశాను. వాడి నోట్లో ఒకటి, నా నోట్లో ఒకటి. మొదటిసారి చేసిన పాకం ఎక్కడ ఆపేశానో నాలుకకి వెంటనే తెలిసిపోయింది. మూడోది అదే రుచి, అదే జారుడు. చప్పబడిపోయే ఉండ. దగ్గరికి రావడం వేరు, ఉండ కట్టడం వేరు అని ఆ ముద్ద నోట్లో పడ్డాకే తెలిసింది. నాలుగోదానికి కొంచెం పట్టు వచ్చింది. అయిదోది నున్నగా, మెత్తగా, చిన్న రేగుపండులా వేళ్ళ మధ్య నిలబడింది. కొరికాను. కింది పంటికి అంటుకుంది. నాలుకతో లాగాను. మొత్తం ఊడి వచ్చేసింది. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం పెరట్లో నిలబడి తిన్న ఉండ అది. దాని తర్వాత ఇంకో ఉండ నాకెప్పుడూ దొరకలేదు, ఎందుకంటే అప్పటికి గిన్నె కిందకి దిగిపోయేది. ప్రతి ఇంట్లోనూ నేను చివరగా తిన్న ఉండ అదే. ఇంకాసేపు ఆగితే పాకం ముదిరి, ఉండ పళ్ళేనికి కొడితే టంగుమంటుంది. అది వేరుశనగ పప్పుండలకి పనికొస్తుంది, అరిసెకి రాదు.

"అమ్మా, లాగితే వచ్చేసింది" అన్నాడు పెద్దాడు.

స్టవ్ ఆపేశాను. మా ఆయన్ని పిలిచాను. ఆయన పిండి పోస్తుంటే నేను కలిపాను. చెక్క గరిటె బరువెక్కిపోయింది, చెయ్యి లాగేసింది. ఏలకుల పొడి, నువ్వులు, రెండు చెంచాల నెయ్యి వేశాను. చలిమిడి గిన్నె అంచులు వదిలేసి ముద్దగా వచ్చింది. అందులోంచి నిమ్మకాయంత తీసి పక్కన పెట్టుకున్నాను. ఆడపిల్లకి చలిమిడి పెడితే కడుపు చల్లగా ఉంటుందని మామ్మ ప్రతిసారీ మా అత్తలకి ముందే తీసి ఉంచేది. నాకు నేనే పెట్టుకున్నాను ఆ రోజు.

అరిటాకు దొరకలేదు, నూనె రాసిన పాల కవరు మీద తట్టాను. మొదటిది నూనెలో వేసేటప్పుడు పెద్దాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అది మునిగి, ఒక్క క్షణం కింద ఆగి, మెల్లగా పైకి తేలింది. అంచులు నిలిచాయి. తిరగేశాను. దోరగా ఎర్రబడింది. అరిసెల చెక్కలు లేవు కాబట్టి రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నొక్కాను. నూనె ధారగా కారింది. మా ఊళ్ళో అయితే ఎండుగడ్డి మీద పరిచేవారు. ఇక్కడ న్యూస్ పేపర్ మీద తెల్ల కాగితం వేసి పరిచాను. మొత్తం 31 వచ్చాయి. సాయంత్రానికి మొదటి చలిమిడి కూడా సర్దుకుంది. దాన్ని చిన్నగా, దళసరిగా తట్టి చేశాను. అవి ఇంట్లోకి ఉంచుకున్నాం.

ఆదివారం పొద్దున హాల్లో తెల్ల గుడ్డ పరిచి దాని మీద తొమ్మిది అరిసెలు వరసగా పెట్టాం. పాపకి తలంటి, కాళ్ళకి పసుపు రాసి, చేతులు పట్టుకుని నడిపించాం. మొదటి అరిసె మీద కాలు పెట్టగానే ఆగిపోయి కిందకి చూసింది. మెత్తగా ఉందని కాబోలు, కాలివేళ్ళు ముడిచి మళ్ళీ విప్పింది. నాలుగోదాని దగ్గర వంగి, అరికాలికి అంటుకున్న నువ్వు గింజని తియ్యబోయింది. మా ఆయన ఫోటోలు తీశారు. నేను ఆ పాదాల్నే చూస్తూ ఉండిపోయాను.

తర్వాత అపార్ట్‌మెంట్‌లో పంచాను. మూడో అంతస్తులో ఒడియా వాళ్ళున్నారు. ఆవిడ పళ్ళెం చూడగానే "అరిసా పిఠా" అని చేతులు జోడించినంత పని చేసింది. మా కింద ఫ్లాట్‌లో తమిళావిడ దీన్నే అధిరసం అంటామని, దీపావళికి చేస్తామని చెప్పింది. పాకం ఎలా చూశావని ఇద్దరూ అడిగారు. వీళ్ళిళ్ళలోనూ పాకం చూసే అమ్మమ్మో, నాన్నమ్మో ఉండే ఉంటుందనిపించింది.

మధ్యాహ్నం అమ్మకి వీడియో కాల్ చేసి అరిసె విరిచి చూపించాను. లోపల గూడు కట్టినట్టు ఉంది, పైన నువ్వులు. అమ్మ చాలాసేపు చూసింది. పాకం ఎలా కుదిరిందని అడిగితే ఉండల సంగతి చెప్పాను. మామ్మ అడిగే మాట, నేను చెప్పే జవాబు, అన్నీ.

"ఆవిడకి అప్పటికే శుక్లాలు వచ్చేశాయి కదే" అంది అమ్మ. "పొగలో పళ్ళెం ఆనేది కాదు. నోట్లో పళ్ళూ లేవు. వేళ్ళతో తడిమి చూసుకునేది, చివరికి నిన్నడిగే దించేది. ఆ నాలుగేళ్ళూ వీధిలో ఎవరికీ చెప్పనివ్వలేదు."

నాకు వెంటనే మాట రాలేదు. ఆ పెరట్లో నా నోట్లో ఉండ పెట్టి, నా మొహంలోకి వంగి చూసే మామ్మ మొహం గుర్తొచ్చింది. ముద్దుగా చూస్తోందనుకున్నాను అన్నాళ్ళూ. ముద్దు కూడా ఉండే ఉంటుంది.

"మరి నీకు పళ్ళెం ఎవరు పట్టుకున్నారు?" అని అడిగింది అమ్మ.

"పెద్దాడు."

"ఎన్ని ఉండలు తిన్నాడేంటి?"

"నాలుగు."

అమ్మ ఫోన్ మంచం మీద పెట్టేసింది. తెర మీద ఫ్యాన్ ఒక్కటే కనిపిస్తోంది. అటక మీద ఇత్తడి పళ్ళెం ఉంటుంది, దింపి చింతపండుతో తోమించండి, హైదరాబాద్ పంపాలి అని నాన్నగారికి చెప్పడం వినిపించింది.